నోట్లో గడ్డి

పిండి బస్తాల్లో వచ్చేవి తలలు.
బస్తా మీద మిల్లు పేరు, నీలం అక్షరాల్లో.
లోపల ఉన్నది పిండి కాదని
రైల్వే కూలీకి తెలుసు, పోస్టుమాస్టరుకి తెలుసు,
ఆదివారం ప్రసంగం చేసే పాస్టరు గారికీ తెలుసు.
మోంటానాలోని ఆ చిన్న ఊళ్ళో
తెలియనిది ఒక్క చట్టానికే.

నా మొగుడు హాల్వర్ తోలు ఒలిచేవాడు,
ఆర్సెనిక్ సబ్బు రుద్ది చెక్కపొట్టు కూరేవాడు.
కుట్లు నావి.
కళ్ళు నావి.

కళ్ళు జర్మనీ నుంచి వచ్చేవి
దూదిలో, గుడ్లలా, డజను చొప్పున.
బైసన్‌కని విడిగా ఎవరూ చెయ్యరు.
ఎద్దు కళ్ళే. పెద్ద సైజు, ముదురు గోధుమ రంగు.
రెప్ప కింద బంకమట్టి సర్ది
బొటనవేలితో నొక్కితే
చచ్చినది నన్ను చూసేది.
"సరిగ్గా చూస్తోందా?" అని అడిగేవాడు హాల్వర్.
చూస్తోంది అనేదాన్ని.

తెచ్చేవాడు క్లెమ్ రడిక్.
కాళ్ళకి గోనెపట్టాలు చుట్టుకుని
నిలువెత్తు చెక్క స్కీల మీద
కుక్క కూడా గడప దాటని చలిలో
పార్కు నడిబొడ్డున వేడినీటి బుగ్గల దాకా పోయేవాడు.
అక్కడ నేల వెచ్చగా ఉంటుందట,
చచ్చినవి చావగా మిగిలినవి అక్కడే తలదాచుకుంటాయట.
"మంచులో మెడదాకా కూరుకుపోతాయమ్మా,
తూటా కూడా దండగే అనిపిస్తుంది"
అన్నాడు మా కాఫీ తాగుతూ.
మీసం మీది మంచు కరిగి
కప్పులోకే కారింది.

రెండుసార్లు పట్టుకున్నారు సైనికులు.
పట్టుకుని ఏం చేస్తారు?
కాపలా ఉంది గాని పుస్తకంలో శిక్ష లేదు.
తుపాకీ లాక్కుని, దుప్పటి లాక్కుని
సరిహద్దు దాకా నడిపించి
"ఇంక రాకు" అన్నారు.
పదో రోజుకి మళ్ళీ పోయాడు.
కొత్త దుప్పటి మేమే కొనిచ్చాం.

ఆ ఫిబ్రవరిలో ఏడు తలలు.
నాలుగోదాని దవడలు బిగుసుకుపోతే
రాత్రంతా పొయ్యి పక్కన పెట్టాం.
తెల్లారి నోరు తెరిస్తే
నాలుక మీద గడ్డి.
పచ్చగా.
సగం నమిలినది.
కిటికీ బయట ఊరు ఊరంతా తెల్లగా బిగుసుకుని ఉంటే
నా అరచేతిలో జూన్ నెల వాసన.
వెచ్చటి నేల అంచున మేస్తూ
తలైనా ఎత్తలేదన్నమాట.
మింగేదాకా ఆగలేదన్నమాట వాడు.

"పారెయ్" అన్నాడు హాల్వర్.
లండన్ దొర తలకి మూడొందల డాలర్లిస్తాడు,
గడ్డితో పనేముంది.
నిజమే. డబ్బుకి గడ్డి తిన్నది
అది కాదుగా.

పారెయ్యలేదు. బైబిల్లో పెట్టాను,
ఆదాము జంతువులకి పేర్లు పెట్టే పేజీలో.

మార్చిలో కార్పొరల్ టెవిస్ వచ్చాడు,
ముక్కుకొన మంచుకి నల్లబడి.
"ఏడు మొండేలు లెక్కపెట్టొచ్చాను, మిసెస్ ఎల్విక్.
తలలెక్కడ?"
అడిగే అధికారం లేదని అతనికీ తెలుసు.
టోపీ చేత్తో పట్టుకుని
అప్పుకొచ్చినవాడిలా నించున్నాడు.
నేను చెప్పేశానని రాయాలని ఉంది.
చెప్పలేదు.
కాఫీ ఇచ్చాను, రడిక్ తాగిన కప్పులోనే.

మేలో కొత్త చట్టం వచ్చింది, జైలుతో సహా.
అందులో నా చెయ్యేం లేదు.
రడిక్ గొర్రెల ఉన్ని కత్తిరించే పనికి పోయాడు.
హాల్వర్ చేపలు కూరడం మొదలుపెట్టాడు,
చేపల మధ్యే పోయాడు.

ఎనిమిదేళ్ళకి
పార్కులో కంచె వేసి, ఎక్కడెక్కడి నుంచో మందని తెచ్చి
పెంచుతున్నారంటే ఒక్కదాన్నే వెళ్ళాను.
ఓ ఆవు కంచె దాకా వచ్చింది,
ముక్కులోంచి ఆవిరి, వెనకాల ఇటుక రంగు దూడ.
అంత దగ్గరగా, ప్రాణంతో, ఎప్పుడూ చూడలేదు.
కన్ను గోధుమ రంగు కాదు.
నల్లటి నీళ్ళలో ఎక్కడో లోపల నీలం,
అంచున కొంచెం ఎరుపు.
అది నన్ను చూడలేదు.
నా పాదాల పక్కన ఏం మొలిచిందో చూసింది.

ఇన్నేళ్ళూ తప్పు కళ్ళు పెట్టాను.
ప్రతిదాన్నీ
మనిషి వైపు చూసేలా పెట్టాను.

వంగి గుప్పెడు గడ్డి పీకి
కంచె సందులోంచి అందించాను.
వాసన చూసింది.
తినలేదు.